మాఱుతాళము



మన పెద్దల యిండ్లలో తాళపుచెవుల గుత్తి ఎవరి నడుమున నుండెడిదో మీరందఱు ఎఱుగుదురు. వడ్లకొట్టు తాళము, ఊరగాయజాడీల గది తాళము, నగలపెట్టె తాళము అన్నియు ఇల్లాలివే. పురుషుడు సంపాదించి తెచ్చుటవఱకే. వస్తువు గడప దాటి లోనికి వచ్చినది మొదలు దాని కాపుదల ఆమెది. అత్తగారు గుత్తి తీసి కోడలి చేతిలో పెట్టిన దినమును కొన్ని యిండ్లలో ముచ్చటగా చెప్పుకొనెడివారు. ఇప్పుడు ఇంటి విలువగల వస్తువులలో సగము యంత్రములలో చేరినవి. ఛాయాచిత్రములు, దస్తావేజుల నకళ్లు, బ్యాంకు లెక్కలు, పిల్లల మార్కులు, తద్దినముల తిథులు, కడకు పోయినవారి కంఠధ్వనులు సయితము. వీని తాళము ఇనుముతో చేసినది కాదు, ఒక మాట. ఆ మాట పెక్కుయిండ్లలో ఒక్క పురుషుని తలలోనే యుండును. గుత్తి మన నడుమునుండి ఎప్పుడు జారినదో మనలో ఎవ్వరును గమనింపలేదు.

మా యింట జరిగినదానిని వ్రాయుచున్నాము. ఇట్టి చిక్కు మఱియొక యింట కలిగినప్పుడు ఏమి చేయవచ్చునో, ముఖ్యముగా ఏమి చేయరాదో, కొందఱికైనను తెలియునని మా యాశ.

మా మామగారు టెలిఫోను శాఖలో పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్నవారు. తీగెలన్నను యంత్రములన్నను వారికి ప్రాణము. 2019లో రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరును తెప్పించిరి. అది ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి పట్టణమున పుట్టినది, 2012లో మొదట అమ్మకమునకు వచ్చినది, అఱచేతిలో నిముడును. దానికొక హార్డుడిస్కు తగిలించి, రౌటరు ప్రక్కనున్న గూటిలో పెట్టి, అందులో నెక్స్ట్‌క్లౌడు అను అప్లికేషనును నెలకొల్పిరి. పెద్ద కంపెనీలవారు మన వస్తువులను తమ యంత్రములలో దాచుకొని మనకు చూపుచుందురు గదా, ఇది అట్లు కాక మన యింటి వస్తువులను మన గూటిలోనే దాచి, మనవారి ఫోనులకు మనమే చూపుకొను ఏర్పాటు. 2016లో జర్మనీ దేశస్థుడగు ఫ్రాంక్ కార్లిట్షెక్ అనునాతడు తన సహచరులతో దీనిని ఆరంభించెను. ఇంట వాడుకొనువారికి వెల లేదు. “ఒకరి కొట్టులో మన ధాన్యమెందుకు?” అని మామగారు అనుచుండెడివారు.

ఆ గూటిలో చేరినవానిలో అన్నిటికంటె విలువైనవి మా అత్తగారి పాటలు. మంగళహారతులు, లాలిపాటలు, నలుగుపాటలు, అప్పగింతల పాటలు, మొత్తము అఱువదికి పైగా నుండును. ఒక వర్షాకాలమంతయు మామగారు ఎదుట కూర్చుండి, ఆమె పాడుచుండగా ఫోనులో పట్టి అందులో నుంచిరి. ఆ పాటలకు కాగితము లేదు. అత్తగారి తల్లిగారి నోటినుండి ఆమె నోటికి వచ్చినవి, అంతే.

2023 కార్తీకమాసమున మామగారు నిద్రలోనే గతించిరి. ఎవరికిని ఏమియు చెప్పుటకు వ్యవధి లేకపోయెను. వారి ఫోనులో మాత్రము ఆ అప్లికేషను పాస్‌వర్డు అడుగకయే తెఱచుకొనుచుండెను గనుక అత్తగారు దానిని చేత పట్టుకొని పాటలను, ఛాయాచిత్రములను చూచుకొనుచు కొంతకాలము గడపిరి. మఱుసటి యేట ఆ ఫోను చెడిపోయినది. క్రొత్త ఫోనులో తెఱచి చూడగా, పేరును పాస్‌వర్డును వ్రాయుడని రెండు ఖాళీగడులు మాత్రము కనబడినవి.

అంతలో మా ఆడుబిడ్డ కుమార్తెకు 2025 మాఘమాసమున ముహూర్తము కుదిరినది. అప్పగింతల పాట అమ్మమ్మయే పాడవలెనని ఆ పిల్ల పట్టు. అత్తగారు ఒక సాయంకాలము గొంతు సవరించుకొని రెండు చరణములు పాడి ఆగిపోయిరి. మూడవది రాలేదు. మఱల మొదటినుండి ఎత్తుకొనిరి. మఱల అక్కడనే ఆగిరి. ఆమెకు డెబ్బదియాఱేండ్లు. “అందులో నున్నది, అమ్మాయీ! ఆయన పట్టినప్పుడు మూడు చరణములును పాడితిని” అని గూటివైపు చూచిరి. గూటిలో చిన్న దీపము వెలుగుచునే యుండెను. వస్తువు ఇంటనే యున్నది, కరెంటు మనదే, యంత్రము మనదే. ప్రవేశము మాత్రము లేదు.

మొదటి వారము ఊహలతో గడచినది. పుట్టినరోజులు, స్కూటరు నంబరు, కులదైవము పేరు, మనుమల ముద్దుపేర్లు, బంధువులలో ఫోను చేసినవారెల్ల తలకొకటి చెప్పిరి. మేము ఇందుకు మొదటినుండియు ఇష్టపడలేదు. అదియునుగాక, తప్పుమాట మాటిమాటికి ఇచ్చినచో ఈ అప్లికేషను బదులు చెప్పుటకు ఆలస్యము చేయును, ఒక్కొక్కసారి 25 సెకండ్లవఱకు. దొంగలు వరుసగా ప్రయత్నింపకుండ పెట్టిన కట్టుబాటది. దొంగలకును ఇంటివారికిని భేదము దానికెట్లు తెలియును?

“పాస్‌వర్డు మఱచితిరా?” అని క్రింద నొక మాట కలదు. దానిని తాకినచో ఈమెయిలు ద్వారా క్రొత్త దారి పంపును. కాని ఇంటి యంత్రము ఉత్తరము పంపవలెనన్నచో దానికి ముందుగా తపాలా ఏర్పాటు చేసియుండవలెను, మామగారు చేసియుండలేదు. పెద్ద కంపెనీలలో ద్వారపాలకుడొకడుండును, బ్రతిమాలినచో విచారించి తలుపు తీయును. సొంత యింటికి ద్వారపాలకుడు లేడు. సొంతమనుటలోని సుఖమును కష్టమును ఈ ఒక్కచోటనే యున్నవి.

తరువాత మావారు యంత్రమును పట్టణములోని ఒక మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోయిరి. వెంట మేమును పోతిమి. “ఫార్మాటు చేసి అంతయు క్రొత్తగా వేసి యిచ్చెదము, గంట పని” అని చెప్పిరి. లోపలి పాటల మాటేమని మేమడుగగా, “అవి పోవును గదమ్మా, కాని మిషను బ్రహ్మాండముగా పనిచేయును” అనిరి. ఎలుకలున్నవని యింటికి నిప్పు పెట్టుకొన్నట్లు! యంత్రమును సంచిలో వేసికొని మఱలి వచ్చితిమి. సోదరీమణులారా, ఈ ఒక్క మాట గట్టిగా చెప్పెదము: పాస్‌వర్డు పోయినంతమాత్రమున లోపలి సరకు పోదు, దానిని పోగొట్టునది ఈ తొందరపాటు చికిత్స.

మావారి పూర్వశిష్యుడొకడు హైదరాబాదున సర్వర్ల పనిలో నున్నాడు. అతనికి ఫోను చేసితిమి. మావారు పాఠశాలకు పోవు వేళయైనందున అతడు, “అమ్మగారూ! మీరే చేయవచ్చును, నేను ఒక్కొక్కటియే చెప్పెదను” అనెను. అతడడిగిన మొదటి ప్రశ్న, యంత్రము మీ చేతికందునట్లు మీ యింటనే యున్నదా యని. ఉన్నదంటిమి. “అయినచో సగము పని యైనట్లే” అనెను. ఈ మాటలోని భావము మాకు తరువాతగాని తెలియలేదు.

మాకు సహజముగా తోచిన ప్రశ్నను మేమడిగితిమి. పాస్‌వర్డు యంత్రములో ఎక్కడనో వ్రాసియుండును గదా, లేకున్న మనమిచ్చినది ఒప్పో తప్పో దానికెట్లు తెలియును? దానినే చదివినచో సరిపోదా? అతడు నవ్వి, పూర్వమట్లే వ్రాసియుంచెడివారని యొక కథ చెప్పెను. 1960 తరువాతి యేండ్లలో అమెరికాలో ఎం.ఐ.టి. అను విద్యాసంస్థయందు పలువురు కలిసి వాడుకొను కంప్యూటరొకటి యుండెను. పాస్‌వర్డులన్నియు ఒక పట్టికలో ఉన్నవి ఉన్నట్లు వ్రాసియుండెను. ఒకనాడు రెండు ఫైళ్లు తారుమారై, ప్రవేశించినవారికెల్ల ఆనాటి ప్రకటనకు బదులు అందఱి పాస్‌వర్డుల పట్టిక కనబడెనట! అందుచేత పాస్‌వర్డును దాచక, దాని పిండిని దాచు పద్ధతి వచ్చినది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను ఇరువురు దీనిని గుఱించి వ్రాసిన వ్యాసము ఆ శాస్త్రమువారికి నేటికిని ప్రమాణము.

పిండి యన్నది మా మాటయే గాని సరిపోయినదని తలంచుచున్నాము. రోట వేసి రుబ్బినపిదప పిండినుండి గింజలను మఱల తీయగలవారు లేరు. మీరు పాస్‌వర్డు ఇచ్చినప్పుడెల్ల యంత్రము దానిని అదే రీతిగా రుబ్బి, తాను దాచుకొన్న పిండితో పోల్చి చూచును. కలిసినచో తలుపు తీయును. ఇందులో ఉప్పు కూడ వేయుదురు. పరిహాసము కాదు, ఆ శాస్త్రమున దాని పేరే ఉప్పు! ఇద్దఱు ఒకే మాటను పెట్టుకొన్నను పిండి ఒకటిగా కనబడకుండుటకై ఒక్కొక్కరికి వేఱువేఱు ఉప్పు కలిపి రుబ్బుదురు. కాబట్టి పోయిన పాస్‌వర్డు దొరకుట యనునది లేదు. తాళము ఊడదీసి క్రొత్త తాళము వేయుటయే కలదు. అందుకు అధికారమెవరిదనగా, ఇల్లెవరిదో వారిదే.

మాకు రెండు తలుపులు అడ్డమై యుండెను. వెలుపలిది యంత్రముది, లోపలిది అప్లికేషనుది. వెలుపలి దానికి ఆ కాలపు యంత్రములలో తయారుచేసినవారే పెట్టిన వాడుకపేరు, వాడుకమాట యుండెను. పేరు ‘పై’, మాట ‘రాస్ప్‌బెర్రీ’. లోకమంతయు ఎఱిగిన తాళమేమి తాళమని 2022లో ఆ ఏర్పాటునే తీసివేసిరి. దానిని ప్రయత్నింపగా తెఱచుకొనలేదు. మామగారు జాగరూకులు; ఎప్పుడో మార్చియుండిరి. కష్టమైనను మాకు ఆ క్షణమున కొంచెము గర్వము కలిగినది.

అప్పుడతడు చెప్పిన వరుస యిది. ముందుగా యంత్రమును ఆపి, పాటలున్న డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టించెను. ఇక మన చేతిలో ఏమి జరిగినను పాటలకు భయము లేదు. తరువాత యంత్రములోని చిన్న మెమరీకార్డును తీసి మావారి ల్యాప్‌టాపులో పెట్టి, దానికి పూర్తి నకలు తీయించెను. ఈ రెండు పనులును కాకుండ తక్కినది మొదలుపెట్టనీయలేదు. కార్డులో ‘సీఎండీలైను’ అను ఫైలు కలదు. అందులో ఒకే పంక్తి. ఆ పంక్తి చివర ఒక ఖాళీ విడిచి, ఇనిట్, సమానపు గుర్తు, వాలుగీత, బిన్, వాలుగీత, ఎస్‌హెచ్ అని ఎడము లేకుండ వ్రాయించెను. నిద్ర లేచిన వెంటనే నిత్యకృత్యములలో దిగక, తిన్నగా యజమాని యెదుట నిలిచి ఆజ్ఞకై చూడుమని దీని యర్థము. కార్డును మఱల యంత్రములో పెట్టి, యంత్రమును టెలివిజనుకు తగిలించి, ప్రక్కింటివారి కీబోర్డు తెచ్చి కరెంటు పెట్టితిమి. నల్లని తెఱమీద తెల్లని యక్షరములు బిలబిల పరుగెత్తి, ఒక్కచోట ఆగి, చివర చిన్నగుర్తు మినుకుమినుకుమనెను. ఇప్పుడు ఎవరు మీరని ఎవ్వరును అడుగలేదు.

ఆ స్థితిలో యంత్రము చదువుటకేగాని వ్రాయుటకు వీలులేక యుండును. వ్రాయనిమ్మని ఒక యాజ్ఞ ఇచ్చితిమి. పిదప ‘పాస్‌డబ్ల్యుడి’ అను నాజ్ఞతో క్రొత్త పాస్‌వర్డును రెండుసారులు కొట్టితిమి. కొట్టునప్పుడు తెఱమీద అక్షరములు గాని, చుక్కలు గాని, ఏమియు కనబడవు. వెనుక కూర్చున్న అత్తగారు, “ఏమియు పడుటలేదే, అమ్మాయీ” అని కంగారుపడిరి. పడుచునే యుండును, చూచువారికి అక్షరముల లెక్క కూడ తెలియకుండుటకు ఆ మౌనము. పిమ్మట కార్డులో మేము చేర్చిన మాటలను తీసివేసి, బీరువాలోని డిస్కును తెచ్చి తగిలించి, యంత్రమును మామూలుగా లేపితిమి. వెలుపలి తలుపు తెఱచుకొన్నది.

లోపలి తలుపువద్ద అతని స్వరము మాఱినది. తొందరపడవలదని చెప్పి, ముందుగా ఎన్‌క్రిప్షను పెట్టియున్నదో లేదో చూపు ఆజ్ఞ నిప్పించెను. తాళము వేయుట వేఱు, సరకునే గూఢలిపిలోనికి మార్చుట వేఱు. ఫైళ్లను ఒక్కొక్కరి పాస్‌వర్డుతో ముడివడిన గూఢలిపిలో పెట్టియున్నచో, తాళము మార్చినను లోపల చదువరాని వ్రాత మాత్రమే మిగులును. బదులు వచ్చునంతవఱకు మా చేతులు చల్లబడినవి. లేదని వచ్చినది. ఈ అప్లికేషనులో యజమానికొఱకు ‘ఓసీసీ’ అను పనివాడొకడు కలడు. వీనికొక వింత నియమము. యంత్రమునకంతటికి అధిపతియైనవాడు పిలిచినను పలుకడు, తన ఫైళ్లు ఎవరి పేర నున్నవో ఆ సేవకుని పేరనే, అనగా ‘డబ్ల్యు డబ్ల్యు డబ్ల్యు డేటా’ అను పేరనే పిలువవలెను. అట్లు పిలిచి, ఇందులో ఎవరెవరికి ఖాతాలున్నవో చెప్పుమంటిమి.

రెండు పేర్లు వచ్చినవి. ఒకటి మామగారిది. రెండవది అత్తగారిది.

ఆమె పేర ఖాతా యున్న సంగతి ఆమెకును తెలియదు. శిష్యుడు మఱియొక యాజ్ఞ చెప్పి చూపింపగా, ఆ పేరు సామాన్యపు ఖాతాగా కాక, మామగారితోపాటు సర్వాధికారముగల వారి వరుసలో నున్నది. మాఱుతాళము చేయించిరి, చేతికిచ్చుట కాలేదు. ఎప్పుడిచ్చెదమని తలంచిరో! అత్తగారు ఆ రెండు పేర్లను ప్రక్కప్రక్కన చాలసేపు చూచి, “అక్షరములు చిన్నవిగా నున్నవి” అని లేచి లోపలికి పోయిరి. కొంతసేపటికి వచ్చి, తన పేరి ఖాతాకే క్రొత్త పాస్‌వర్డు పెట్టుమనిరి. మాట తామే నిర్ణయించిరి. ఆమె ముందుగా మమ్ము మొగము త్రిప్పుకొమ్మని, ఒక్కొక్క అక్షరమునే వెదకి కొట్టిరి.

పాటలకొఱకే యైనచో ఆ డిస్కును లినక్సు గల వేఱొక యంత్రమునకు తగిలించి తీసికొనవచ్చునని శిష్యుడు పిదప చెప్పెను; ఫైళ్లు అందులో ఉన్నవి ఉన్నట్లే యుండునట. కాని తిథుల పట్టికయు, బంధువుల చిరునామాలును మామగారు అప్లికేషనులోని కాలెండరులోను పుస్తకములోను ఎక్కించియుండిరి. అవి తలుపు తీసినగాని తిన్నగా రావు.

ఒకటి మాత్రము తెఱచుకొనలేదు. ఛాయాచిత్రముల నడుమ కీపాస్ పెట్టె యొకటి కనబడినది. పలు పాస్‌వర్డులను, గూఢవిషయములను ఒకచోట దాచుకొను పెట్టె అది. 2003లో జర్మనీ దేశస్థుడగు డొమినిక్ రైచ్ల్ కల్పించినది. దీనికి యజమాని యన్న మర్యాద లేదు, పిండిని మార్చు ఉపాయము లేదు. లోపలి వ్రాతయంతయు ఆ ఒక్క మాటనుండి పుట్టిన గూఢలిపిలోనే యుండును. సుందరకాండము పారాయణము చేయువారికి ఈ భేదము సులభముగా బోధపడును. హనుమంతుడు ఉంగరము చూపెను. అది చేత నున్నవాడు చూపగలడు. సీతమ్మ చూడామణి నిచ్చుటయేకాక కాకాసురుని వృత్తాంతమును గుఱుతుగా చెప్పి పంపెను. అది వారిద్దఱికే తెలియును, చెప్పనిది ఇంకొకరికి తెలియదు. గూటిలోని యంత్రము ఉంగరమునకు తలవంచినది. ఈ పెట్టె కాకాసుర కథ నడుగుచున్నది. లోపల బ్యాంకు సంగతులే యున్నవో, మఱేమున్నదో. బ్యాంకు పనులను మావారు మరణపత్రము చూపి వేఱుగా చక్కబెట్టుకొనిరి. పెట్టె అట్లే యున్నది. అత్తగారు దానిని తీసివేయనీయలేదు.

మేము చేసినది మా చేతికందు యంత్రముతో ఎవ్వరైనను చేయగలరు, దొంగయు చేయగలడు. అందుచేత గూటికి తలుపు పెట్టించి ఇనుపతాళము వేయించితిమి. డిస్కునే గూఢలిపిలో పెట్టుట క్షేమముగదా యని మావారనిరి. దొంగకు మూసిన తలుపు మఱునాడు మనకును మూయునేమో యని మేము ఒప్పుకొనలేదు. ఇది ఒక్కొక్క యింటివారు తమకు తామే తేల్చుకొనవలసిన విషయము. పాస్‌వర్డులను కాగితమున వ్రాయరాదని చెప్పువారు ఆఫీసులను తలంచుకొని చెప్పుదురు. ఇంటి బీరువాలో, దస్తావేజుల నడుమ, అంటించిన కవరులో నున్న కాగితమును ఏ దేశపు దొంగయు తీగెవెంట వచ్చి చదువలేడు. నెలనెల మార్చవలెనన్న చాదస్తమును కూడ విడువవచ్చును. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థయే 2017లో, బయటపడినదన్న యనుమానము లేనప్పుడు ఊరక మార్పింపవలదని చెప్పినది. మాట పొడవుగా నుండుటయే ముఖ్యము. మాకును ఇప్పుడొక ఖాతా కలదు. కవరులు రెండు.

అప్పగింతల పాటను ఆ సాయంకాలమే విన్నాము. మూడవ చరణము వచ్చువఱకు అత్తగారు కన్నులు మూసికొని యుండిరి. వచ్చిన తరువాత కన్నులు తెఱచి, కడపటి పాదమును తొందరలో మింగివేసితిననియు, ఆయన విని యూరకున్నారనియు కోపగించుకొని, సరియైన పాదమును మాచేత వ్రాయించిరి. పెండ్లిలో మూడు చరణములును ఆగక పాడిరి. కొన్నాళ్లకు పెండ్లికూతురు అత్తవారింటినుండి ఫోను చేసి, అమ్మమ్మ పాటలు వినుటకు తనకొక ఖాతా కావలెననెను. అత్తగారు తామే ఖాతా తెఱచిరి. మాట మాత్రము ఫోనులో చెప్పనని, ఆషాఢమాసమునకు పుట్టింటికి వచ్చినప్పుడు చెవిలో చెప్పెదనని అనిరి.